తారు కింద ఎర్రదారం

పోయినసారి మీరు నన్ను పొయ్యి ముందు వదిలి వెళ్లారు. పొయ్యి మీద పనికిరాని గిన్నె, గిన్నెలో రేకుడబ్బా, డబ్బాలో కరుగుతున్న తారు, ఆ తారు లోపల విల్‌ఫ్రిదో చారిస్ ట్రాన్స్‌ఫార్మర్. అది ఇంకా అక్కడే ఉంది. నేనూ అక్కడే ఉన్నాను.

సంగతి తెలియనివాళ్లకు ఒక్కసారే చెబుతాను. నా భార్య ఎదెల్మిరా పోయి ఏడాది కావస్తోంది. మా బర్రాంకియా ఊళ్లో చావు జరిగిన ఇంట్లో ఏడాదిపాటు పాట మోగకూడదు. రేడియోను గోడవైపు తిప్పేస్తారు. రికార్డుల మీద తెల్లదుప్పటి కప్పుతారు. ఏడాది నిండిన రోజు చర్చిలో ప్రార్థన చేయించి, ఇంటికొచ్చి, దుప్పటి తీసి, పోయిన మనిషికి నచ్చిన పాట ఒకటి పెడతారు. ఆ పాటతో ఇల్లు మళ్లీ వీధిలో కలుస్తుంది. మాకు ఆ రోజు ఈ శనివారం. ఊరి కార్నవాల్ పండగ మొదలయ్యేదీ ఆ శనివారమే. ఊరంతా డోళ్లు బిగించుకుంటోంది. నా ఇంట్లో గోడ గడియారం కూడా ఆగిపోయింది. నేను కీ ఇవ్వడం లేదు.

ఆ మొదటి పాట కోసం ఒక ఆంప్లిఫయర్ కడుతున్నాను. ఇన్నాళ్లూ నేను కట్టినవన్నీ పికోల కోసం. ఇంటి తలుపంత స్పీకరు పెట్టెకు రంగులేసి, పేరు పెట్టి, వీధి నాట్యాలకు లారీలో తీసుకెళ్తారే, అది పికో. నాది ‘ఒంటికన్ను మొసలి’. అది మోగితే పెంకులు జారేవి. ఇప్పుడు కడుతున్నది అలాంటిది కాదు. ఒక గదికి, ఒక కుర్చీకి సరిపోయేది. చరణం ఎత్తుకునే ముందు పాడేవాడు ఊపిరి తీసుకుంటే అది వినపడాలి. నాకు అంతకుమించి అక్కర్లేదు.

ఎడమ పక్క పూర్తయింది. కుడి పక్క ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. కొత్తది చుట్టడం నా వల్ల కాదు. మా ఇంట్లో ఎన్ని చుట్లో లెక్క చెప్పేది నేను, తీగ చుట్టేది ఎదెల్మిరా. అందుకే పాత ఇనుము బజారుకు వెళ్లాను. అక్కడ విల్‌ఫ్రిదో పికో ‘పిచ్చిగాలి’ ముక్కలై పడుంది. ఏళ్ల కిందట సెయింట్ రోక్ పండగనాడు వీధి మధ్యలో నా మొసలిని ఓడించింది ఆ పిచ్చిగాలే. దాని గుండెకాయను కొనుక్కొచ్చాను. పని జరగడం ఒకటి. అది నన్ను ఎలా ఓడించిందో విప్పి చూడటం రెండోది. రెండోదే ముఖ్యం.

*

తారు కారిపోయింది. పట్టకారుతో పట్టి పాత చొక్కా ముక్క మీద పెట్టాను. కిరసనాయిలు గుడ్డతో తుడవడం మొదలుపెట్టాను.

మా వృత్తిలో ఎవడి గుట్టు వాడిది. రికార్డు మీది పేరుకాయితం గీకేస్తాం, ఎదుటివాడికి పాట పేరు తెలియకూడదని. ఆంప్లిఫయర్‌లోని గాజు వాల్వు మీది అంకె గీకేస్తాం. ట్రాన్స్‌ఫార్మర్‌ని డబ్బాలో పెట్టి తారు పోస్తాం, లోపలి చుట్ట ఎవరూ చూసి నేర్చుకోకూడదని. ఊళ్లో ఈ తారు పోయడం మొదలుపెట్టింది నేనే. తరవాత అందరూ పోశారు.

పై పొర తారు పోయాక తీగల మధ్య కాయితం అంచు బయటపడింది. అంచు తిన్నగా లేదు. రంపం పళ్లలా ఉంది.

గుడ్డ కింద పెట్టాను.

తీగ వరసకూ వరసకూ మధ్య కాయితం వేస్తాం. అందరూ తిన్నగా కత్తిరిస్తారు. తిన్నని అంచు దగ్గర చివరి చుట్టు ఎప్పుడో ఒకప్పుడు జారి కింది వరసలో పడుతుంది. అక్కడే కాలుతుంది. కాయితాన్ని పళ్లపళ్లుగా కత్తిరిస్తే ఆ పళ్లు గోడవారగా పైకి మడుచుకుని తీగను పట్టుకుంటాయి. ఈ సంగతి నాకు ఎలా తెలుసంటే ఒకామె నాకు చేసి చూపించింది. బట్ట అంచులు పోగులు రాకుండా కత్తిరించే పళ్లకత్తెరతో. ‘‘ఇది గౌను కాదు’’ అన్నాను. ఆమె మళ్లీ చూపించలేదు.

ఆ కత్తెర కుట్టుమిషన్ సొరుగులోనే ఉంది. చూడటానికి లేవలేదు. చూడాల్సిన పని లేదు.

ఇంకా తుడిచాను. తీగ చివర బయటికొచ్చే చోట ఎర్రదారంతో కట్టి ఉంది. రెండు చుట్లు చుట్టి, దారం కొసను చుట్ల కిందినుంచి లోపలికి దూర్చిన ముడి. అది కరెంటు పనివాళ్ల ముడి కాదు. నా చొక్కా గుండీ వంక చూసుకున్నాను. పై నుంచి రెండో గుండీ. ఆసుపత్రికి వెళ్లే ముందు కుట్టింది, ఇక నీ గుండీలు నువ్వే కుట్టుకోవాలని సణుగుతూ. గుండీ ఎత్తి కింద చూశాను. రెండు చుట్లు. కొస లోపలికి.

నన్ను ఓడించిన ట్రాన్స్‌ఫార్మర్ నా పెళ్లాం చుట్టింది.

*

‘‘ఏం కంపు బావా ఇది! ఇంట్లో రోడ్డేస్తున్నావా?’’

నెల్ఫీ. ఎదెల్మిరా చెల్లెలు. వెనక సందులో ఒంటరిగా ఉంటుంది. రోజూ మధ్యాహ్నం కంచం తెస్తుంది. నేను తినేదాకా గుమ్మంలో నిలబడి, ఖాళీ కంచం తీసుకుని పోతుంది. జాలితో కాదు, అక్కకు మాటిచ్చిందట. ఏడాదిగా నల్లబట్టలు విడవలేదు. పక్కింటివాళ్లు డోలు తీస్తే గోడ దగ్గరికి వెళ్లి ‘‘చావు జరిగిన ఇల్లిది’’ అని అరుస్తుంది. వాళ్లు మానేస్తారు. మా ఇంటి మౌనానికి ఆమే కాపలా.

‘‘తారు’’ అన్నాను.

‘‘తారని ముక్కు చెబుతోంది. కిటికీ తీస్తే ఎవరైనా ఎత్తుకుపోతారా నిన్ను? ఆ భయమేం పెట్టుకోకు. నిన్నెవరూ ఎత్తుకుపోరు.’’ కిటికీ బార్లా తెరిచింది. ‘‘కందుల సూప్ తెచ్చాను. అరటికాయ వేశాను. ఉప్పు తక్కువైతే వేసుకో, నామీద అరవకు.’’

‘‘ఇలా రా. ఇది చూడు.’’

దగ్గరికొచ్చింది. ట్రాన్స్‌ఫార్మర్ వైపు వంగింది. ఆమె కళ్లు కాయితం అంచు మీద ఆగాయి. తరవాత ముడి మీద. తరవాత నా మీద.

‘‘ఏముంది? దారం.’’

‘‘ఎవరి దారం?’’

‘‘ఎర్రదారం బజారు నిండా దొరుకుతుంది బావా. ఎవరి దారమని చెప్పను?’’

‘‘నీ నోరు ఎప్పుడూ ఇంత చిన్నగా మాట్లాడదు.’’

‘‘సూప్ చల్లారుతుంది’’ అంది. కంచం బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. నేను తినేదాకా ఆగలేదు. కంచం ఇక్కడే వదిలేసింది. మొదటి నెల నుంచి ఇప్పటిదాకా అలా వెళ్లడం అదే మొదటిసారి.

నేను తినలేదు.

*

మధ్యాహ్నం ఊరు నిద్రపోయే వేళ. వీధిలో గాలి తప్ప ఎవరూ లేరు. ఈ నెలల్లో మా ఊరి గాలి తలుపులను కొడుతూ తిరుగుతుంది. తలుపు చప్పుడైతే గాలే అనుకున్నాను.

‘‘మొసలి ఇంట్లో ఉందా? ఎండ కాచుకోవడానికి బయటికి పోయిందా?’’

ఆ గొంతు నాకు తెలుసు.

‘‘ఎవరది?’’ అన్నాను, తెలిసి కూడా.

‘‘పిచ్చిగాలి. తలుపు తియ్యరా. లేకపోతే ఊడబెరుక్కుని వస్తాను. అంటే, మోకాళ్లు సహకరిస్తే.’’

తీశాను. విల్‌ఫ్రిదో చారిస్. చేతికర్ర, తెల్లచొక్కా, నెత్తిన గడ్డిటోపీ. సెయింట్ రోక్ పండగ తరవాత మేం మాట్లాడుకోలేదు. ఎదెల్మిరా కోసం తొమ్మిది రాత్రుల ప్రార్థన జరిగినన్నాళ్లూ వీడు మా వీధి అవతలి పక్క దీపస్తంభం కింద నిలబడ్డాడు, టోపీ చేతిలో పట్టుకుని. లోపలికి రాలేదు. ఎందుకు రాలేదో అప్పుడు అడగలేదు. రానందుకు క్షమించలేదు. వచ్చుంటే వచ్చినందుకు క్షమించేవాణ్ణి కాదు.

‘‘ఏం కావాలి?’’

‘‘కూర్చోమనవా? ముసలాణ్ణి.’’

‘‘నేనూ ముసలాణ్ణే. నిలబడే ఉన్నాను.’’

‘‘నీకేం, నీకు నాలుగు కాళ్లు, ఒక తోక.’’ తన నవ్వు తనే నవ్వుకుని, లోపలికొచ్చి, అడక్కుండానే స్టూలు మీద కూలబడ్డాడు. ‘‘ఇనుము బజారువాడు చెప్పాడు. నా డబ్బా నువ్వు పట్టుకుపోయావట. పికోను అమ్మింది మా అబ్బాయి. నన్ను అడగలేదు. ఆ డబ్బా నాకిచ్చెయ్యి. దాని బదులు నా దగ్గర ఏ ట్రాన్స్‌ఫార్మర్ కావాలంటే అది తీసుకో. రెండు తీసుకో. విప్పకుండా...’’

అప్పుడు వాడికి వాసన తగిలింది. పొయ్యి మీద గిన్నె చూశాడు. బల్ల మీద తుడిచిపెట్టిన ట్రాన్స్‌ఫార్మర్ చూశాడు. టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

‘‘ఆలస్యమైంది’’ అన్నాడు.

‘‘ఎవరు చుట్టారు దీన్ని?’’

‘‘చూశావుగా. ఇంకా నన్నడగడం దేనికి?’’

‘‘నీ నోటితో చెప్పు.’’

‘‘చెప్పనని ఆమెకు మాటిచ్చాను. నువ్వు చూసేశాక చెప్పినా చెప్పకపోయినా ఒకటే. ఎదెల్మిరా చుట్టింది.’’

పేరు నోటితో అన్నాడు. ఏడాదిగా నెల్ఫీ తప్ప ఈ ఇంట్లో ఆ పేరు ఎవరూ పలకలేదు. నాకు వాడి పళ్లు రాలగొట్టాలనిపించింది.

‘‘ఆమెకూ నీకూ ఏమిటి?’’

విల్‌ఫ్రిదో లేచాడు. మోకాళ్లు సహకరించాయి. కర్ర పైకి లేచింది.

‘‘ఆ మాట ఇంకోసారి అన్నావంటే ఇది నీ బుర్ర మీద విరుగుతుంది. విరిగేది కర్రే అనుకో, నీ బుర్ర సంగతి నాకు తెలుసు. నీ పెళ్లాం నా గుమ్మం ఒక్కసారే తొక్కింది. కూరగాయల సంచితో వచ్చింది. పైన అరటికాయలు, కింద డబ్బా. నా భార్య ఎదురుగానే నిలబడింది. ఇచ్చిన కాఫీ కూడా తాగలేదు.’’

‘‘నువ్వు అడిగావా?’’

‘‘నేనా? నీ పెళ్లాన్ని? నీ మొసలికి నన్ను వేసి ఉండేవాడివి. ఆమే వచ్చింది. ‘చారిస్ గారూ, పండగ రోజు దీన్ని మీ పికోలో పెట్టండి, ఈసారి మీరు గెలవాలి’ అంది. నాకు మతిపోయింది. ‘ఎందుకమ్మా, మీ ఇంటాయన కదా నాకెదురు’ అన్నాను. ఏమందో తెలుసా?’’

కిరసనాయిలు గుడ్డతో చేతులు తుడుచుకున్నాను.

‘‘ ‘ఆయన ఓడితే ఇంటికొస్తాడు’ అంది.’’

గాలికి కిటికీ రెక్క గోడకేసి కొట్టుకుంది. లేచి గడియ పెట్టాను. వెనక్కి తిరిగేసరికి వాడు కూర్చుని ఉన్నాడు, కర్ర మోకాళ్ల మీద.

పండగనాడు ఏం జరిగిందో మీకు మొదట్లోనే చెప్పాను. నా మొసలి ఒక పక్క, వాడి పిచ్చిగాలి ఒక పక్క, మధ్యలో జనం. నా పాటకు ఆడుతున్నారు. వాడి సూది రికార్డు మీద పడింది. అరిచినట్టు లేదు. ఎవరో పక్కకొచ్చి పాడినట్టుంది. జనం ఆట ఆపలేదు, ఆడుతూనే అటు తిరిగారు. వందల వీపులు. అవి నా కళ్లముందు నుంచి ఇప్పటికీ పోలేదు. మర్నాడే మొసలిని అమ్మేశాను. మళ్లీ వీధికెక్కలేదు.

ఆమె అనుకున్నట్టే ఇంటికొచ్చాను.

‘‘వచ్చావు, సరే. వచ్చి ఆ మనిషితో మాట్లాడావా?’’ అన్నాడు విల్‌ఫ్రిదో, నా తలలోకి తొంగిచూసినట్టు.

‘‘అది నీకనవసరం.’’

‘‘అనవసరమే. ఊళ్లో నన్ను పొగిడిన ప్రతివాడికీ నీ పెళ్లాం పనికి నేను థాంక్స్ చెప్పుకుంటూ వచ్చాను. గెలుపు కూడా అరుగుదల లేని గులకరాయిలా చెప్పులో ఉండిపోతుందిరా. తొమ్మిది రాత్రులూ మీ వీధిలో నిలబడ్డాను. లోపలికొచ్చి ఆమె ఫొటో ముందు నిలబడితే నోరు జారతానని భయం. క్షమిస్తావా?’’

‘‘లేదు.’’

‘‘నన్ను వద్దులే. ఆమెను?’’

‘‘ఆమె సంగతి నువ్వడక్కు.’’

‘‘అడగను’’ అన్నాడు. అయినా వాడు లేవలేదు. నేను పొమ్మనలేదు. ఇంట్లో ఇంకో మనిషి ఊపిరి పీలుస్తున్న చప్పుడు వినపడుతోంది. అది విని చాలాకాలమైంది.

*

చేతులు ఖాళీగా ఉంటే నాకు పనికిమాలిన ఆలోచనలొస్తాయి. ట్రాన్స్‌ఫార్మర్ చల్లారింది. మీటరు పెట్టి చూశాను. తీగ ఎక్కడా తెగలేదు. తీసుకెళ్లి ఆంప్లిఫయర్ కుడి పక్క బిగించి, టంకం వేశాను. విల్‌ఫ్రిదో చూస్తూ కూర్చున్నాడు.

‘‘ఆ ఎర్రతీగ అటు కాదు.’’

‘‘నాకు నేర్పుతావా?’’

‘‘అది నా డబ్బా. ఇన్నేళ్లు తిండిపెట్టి పెంచాను. దాని ఏ కాలు ఎటో నాకు తెలుసు.’’

వాడి మాట నిజమే. తీగ మార్చాను. మార్చినట్టు చెప్పలేదు.

కొత్తగా కట్టినదాన్ని నేను కరెంటుకు నేరుగా తగిలించను. మధ్యలో మామూలు బల్బు ఒకటి పెడతాను. లోపల ఎక్కడైనా తప్పు కలిసుంటే బల్బు భగ్గుమని వెలిగి అలాగే ఉంటుంది. అంతా సరిగా ఉంటే ఒకసారి మెరిసి మసకబారుతుంది. స్విచ్ వేశాను. బల్బు మెరిసింది. ఇద్దరం వంగి చూశాం. మసకబారింది. వాల్వుల అడుగున నారింజరంగు పుట్టింది.

‘‘బతికే ఉంది’’ అన్నాడు విల్‌ఫ్రిదో. తరవాత నాలిక కరుచుకున్నాడు.

ఏడాది మౌనం వల్ల నేను స్పీకరు తగిలించడం లేదు. దాని బదులు వేలెడు లావు రెసిస్టర్లు పెట్టాను, పక్కకొకటి. పాట కరెంటై వాటిలోకి వెళ్లి వేడి అవుతుంది. అంతే. చప్పుడుండదు. రికార్డు పెడితే సూది దగ్గర దోమ గొణిగినట్టు వినిపిస్తుంది. అది తప్పా కాదా అని మొదట్లో నెల్ఫీని అడిగాను. ఆమె ‘‘గొణుగుడు పాట కాదు. అలాగైతే నువ్వు రోజంతా పాడుతున్నట్టే’’ అంది.

రికార్డు పెట్టాను. విల్‌ఫ్రిదో చెయ్యి చాపి కుడిపక్క రెసిస్టరు ముట్టుకున్నాడు.

‘‘వెచ్చగా ఉంది’’ అన్నాడు.

ఈ ఇంట్లో ఏడాదిగా పాటలు అలాగే బయటికొస్తున్నాయి.

సూది తీసి, అసలు పరీక్ష మొదలుపెట్టాను. నా దగ్గర పాత ఆసిలోస్కోపు ఒకటుంది. లోపలికి పంపిన అలను తెర మీద పచ్చగీతగా చూపిస్తుంది. చదరపు అల పంపాను. మంచి ఆంప్లిఫయరైతే మూలలు మూలల్లాగే బయటికి రావాలి.

ముందు ఎడమ పక్క. అది నా లెక్క ప్రకారం చుట్టింది. మూలలు కొంచెం గుండ్రంగా వచ్చాయి, వాడిన సబ్బుబిళ్ల లాగా. అంతకన్నా బాగా రావని నా నమ్మకం. ఆ నమ్మకంతోనే బతికాను.

తరవాత కుడి పక్క. మూలలు కత్తెరతో కత్తిరించినట్టు నిలబడ్డాయి.

తీగ తీసి మళ్లీ పెట్టాను. మళ్లీ అలాగే వచ్చింది. రెండు పక్కలా చుట్టిన చేతులు ఒకటే. తీగ ఒకటే, ఇనుము ఒకటే. తేడా లెక్కలో ఉంది. ఎడమది నేను చెప్పినట్టు చుట్టింది. కుడిది తనకు తోచినట్టు చుట్టింది.

చిన్నప్పుడు మనతీ ఊరి బడిలో మాకు కూడికలూ తీసివేతలూ నేర్పారు. మిగతాది నేనే నేర్చుకున్నాను. నేర్చుకున్నది ఇంట్లో బల్లకు ఇవతల కూర్చుని గట్టిగా చెప్పేవాణ్ణి. అవతల ఆమె తల వంచుకుని చుట్టేది. వింటోందనుకున్నాను. సరిదిద్దుతోందని తెలియదు.

విల్‌ఫ్రిదో స్టూలు దగ్గరికి జరుపుకుని తెర వంక చూశాడు.

‘‘ఒక కాలు పొడుగు, ఒక కాలు పొట్టి’’ అన్నాను. ‘‘దీంతో పాట వింటే మనిషి కుంటుతూ పాడినట్టుంటుంది.’’

‘‘దీని జత కావాలి నీకు.’’

‘‘జత ఎక్కడ్నుంచొస్తుంది? చుట్టినామె లేదు.’’

‘‘జత చుట్టిందిరా!’’ కర్ర నేలకేసి కొట్టాడు. ‘‘ఆ రోజు సంచిలో రెండు డబ్బాలున్నాయి. ఒకటి నాకిచ్చింది. రెండోది కూడా ఇవ్వమ్మా, ఒకటి పోతే ఒకటుంటుంది అన్నాను. ‘అది నాది, చారిస్ గారూ’ అంది. ఆడమనిషికి దాంతో ఏం పనమ్మా, పప్పు రుబ్బుకుంటావా అని నవ్వాను. ఆమె నవ్వలేదు. అరటికాయలు మళ్లీ పైన సర్దుకుని వెళ్లిపోయింది.’’

‘‘అలాంటి డబ్బాయేనా?’’

‘‘అలాంటిదే. ఉప్పుబిస్కెట్ల డబ్బా. పక్కన ఓడబొమ్మ.’’

పొయ్యి దగ్గరున్న డబ్బాను తిప్పి చూశాను. మసి పట్టిన ఓడ, మూడు తెరచాపలు. ఆ ఓడను నేను ఇంకెక్కడో చూశాను. ఒకసారి కాదు, చాలాసార్లు. మసి లేకుండా, ఎండకు రంగు వెలిసిపోయి.

నెల్ఫీ కిటికీ గట్టు మీద. అందులో వాము ఆకుల మొక్క పెంచుతుంది. సూప్‌లో వేసేది ఆ ఆకే.

డబ్బా ఖాళీ చేస్తేనే కదా మట్టి పోసేది. లోపలున్నది ఏమైంది?

ఇంకొకటి గుర్తొచ్చింది. నేను వీధి మానేసి ఇంట్లో కూర్చున్నాక ఎదెల్మిరా రోజూ ఈ వేళకు చెల్లెలింటికి వెళ్లేది. ‘‘కుట్టుపనుంది’’ అనేది. చీకటిపడేలోగా వచ్చేది. వచ్చాక కాసేపు ముఖం తేటగా ఉండేది. మంచినీళ్లలాంటి ఆ తేటదనం చూసి నాకు ఒళ్లు మండేది. ఎప్పుడూ అడగలేదు.

కుట్టుమిషన్ మా ఇంట్లో ఉంది. ఈ గోడవారనే. ఎప్పుడూ ఇక్కడే ఉంది.

‘‘ఎక్కడికిరా?’’ అన్నాడు విల్‌ఫ్రిదో.

‘‘కూర్చో. దేన్నీ ముట్టుకోకు.’’

‘‘ఆ సూప్ ముట్టుకోవచ్చా?’’

చెప్పులు తొడుక్కుని బయటపడ్డాను.

*

వెనక సందు ఎండలో తెల్లగా ఉంది. కుక్కలు కూడా నీడలో ఉన్నాయి. గాలి దుమ్మును లేపి నా ముఖాన కొట్టింది. నెల్ఫీ ఇంటి గట్టు మీద వామాకు మొక్క ఊగుతోంది. వంగి చూశాను. ఓడ ఉంది. మూడు తెరచాపలు.

కిటికీ మూసి ఉంది. ఈ ఎండలో బర్రాంకియాలో ఎవరూ కిటికీ మూసుకోరు. నా కిటికీ తీయలేదని ఇందాక తిట్టిపోసిన మనిషి, తనది మూసుకుని కూర్చుంది.

తలుపు కొట్టబోయి ఆగాను.

లోపల పాట మోగుతోంది.

చాలా చిన్నగా. సందులోకి రానంత చిన్నగా. తలుపుకు ఆనుకున్నవాడికే తెలిసేంత. ఏడాదిగా నల్లబట్టలు కట్టి, గోడ మీదుగా ఊరి డోళ్లను ఆపిన నెల్ఫీ ఇంట్లో పాత ప్రేమపాట, గిటారుతో. ముందు కోపమొచ్చింది. శనివారం దాకా రెండు రోజులు ఆగలేకపోయిందా అనుకున్నాను. చెయ్యి ఎత్తాను.

ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది. ఎందుకంటే నా చెవి నా మాట వినలేదు. అది తన పని తను చేస్తోంది. బజారు పెట్టె కాదిది. రేడియో కాదు. ఈ ఊళ్లో ఎవరి చేతిపనైనా రెండు మాటలు వింటే పేరు చెప్పగలను. ఇది ఎవరిదీ కాదు. గిటారు తీగ మీద వేలు జారుతున్న చప్పుడు వినిపించింది. పల్లవి అయిపోయింది. గిటారు ఆగింది.

చరణం ఎత్తుకునే ముందు పాడేవాడు ఊపిరి తీసుకున్నాడు. చెక్కతలుపు అవతలి నుంచి నాకు వినపడింది. రెండో డబ్బాలోది ఏమైందో తెలిసింది.

తలుపు మీద ఎప్పుడు కొట్టానో నాకు తెలియదు. పాట ఆగలేదు. గొంతు తగ్గలేదు. లోపల కుర్చీ కదిలిన చప్పుడు లేదు.

‘‘తలుపు తీసే ఉంది బావా’’ అంది నెల్ఫీ లోపల్నుంచి, ఇందాకటి నుంచీ నాకోసమే కూర్చున్నట్టు. ‘‘కాళ్లు దులుపుకుని రా. అక్క కుర్చీలో మాత్రం కూర్చోకు.’’